గుక్క

ఇక్కడ కండక్టరంటే టిక్కెట్లు కొట్టే మనిషి కాదు,
పదిమంది గొంతుల్ని రెండు చేతుల్లో మోసే మనిషి.
హీయుమా దీవిలో, బడి వ్యాయామశాలలో,
మంగళవారం ఏడు కొట్టేసరికి
ముప్పై ఒక్కమంది మంచు బూట్లు గుమ్మంలో విడిచి
ఉన్ని మేజోళ్ళతో వరసలు కడతారు.
బాస్కెట్‌బాల్ వలలో నిరుటి నుంచీ ఎవరిదో టోపీ.
వైకె శ్రుతిదండాన్ని మోకాలిచిప్పకి కొట్టి
చెవి దగ్గర పెట్టుకుంటుంది,
పుచ్చకాయని తట్టి వినేవాళ్ళంత అనుమానంగా.
వాళ్ళ భాషలో ఆ పేరు
నిశ్శబ్దమనే మాటలోంచి పుట్టింది.

పాటకి ముందు కబుర్లు.
పైస్థాయి ఆడవాళ్ళలో ఇద్దరికి జలుబు.
పియానోలో గాంధారం నొక్కితే మళ్ళీ పైకి లేవడం లేదు.
వేసవిలో పెద్ద పాటల పండగ,
ఓడ దిగాక బస్సు ఎవరు మాట్లాడాలో ఇంకా తేలలేదు.
ఆ పండక్కి ముందు ఒక పరీక్ష.
సముద్రం దాటి శనివారం వస్తున్నాడు, తైవో అనే ఆయన.
చెవులు గట్టివట. పెన్సిలు ఇంకా గట్టిదట.

రెండో వరస చివర కాల్యో.
నలభై ఏళ్ళు ఈ దీవిలో బస్సు తోలాడు,
దీవిలో అతను ఎక్కించుకోని మనిషి లేడు.
ఆరేళ్ళ కిందట గొంతుకి కోత పడింది.
మెడకి నీలం రుమాలు, రుమాలు వెనక చిన్న రంధ్రం,
ఊపిరికి ఇప్పుడదే వాకిలి.
మాటే లేదు, పాటెక్కడిది?
అయినా ఒక్క మంగళవారం మానడు.
పుస్తకం తెరుస్తాడు, సరిగ్గా చోటు చూసి పేజీ తిప్పుతాడు,
అందరితో పాటు నోరు విప్పుతాడు.
ఎందుకని ఎవరూ అడగలేదు.
అడిగితే అతను పలకమీద రాయాలి, చదవాలంటే మనకి సిగ్గు.

శనివారం.
తైవో రెండు చరణాలు విని చెయ్యెత్తాడు.
"ఆ చివరాయన పాడటం లేదు."
వేడినీటి గొట్టం టక్కుమంది, మళ్ళీ టక్కుమంది.
కిందిస్థాయి ఆడవాళ్ళు తమ మేజోళ్ళ వంక చూసుకున్నారు.
వైకెకి కోపం వస్తుందనుకున్నాం.
"కాల్యో, కాసేపు నడవాలో నిలబడతావా?" అంది.
అంతే.
అతను పుస్తకం మూసి కుర్చీమీద పెట్టి వెళ్ళాడు.
తలుపు మెల్లగా వేశాడు, అది మరీ కష్టంగా ఉండింది.

ఆమె చెయ్యి లేచింది, దిగింది.
ఎత్తుగడ మూడు ముక్కలైంది.
స్వరాలన్నీ సరైనవే, ఒక్కటీ జారలేదు,
కానీ గిన్నెలోంచి అన్నం బోర్లించినట్టు
ముందొక ముద్ద, వెనకొక ముద్ద, కాసిని మెతుకులు.
మళ్ళీ. మళ్ళీ అదే.
వైకె తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది.
తైవో పెన్సిలు పక్కన పెట్టాడు.

తలుపు ఆమే వెళ్ళి తీసింది.

కాల్యో వచ్చి తన చోట నిలబడ్డాడు.
చెయ్యి లేచింది.
అప్పుడు విన్నాం, ఆరేళ్ళుగా వింటూ విననిది:
నీలం రుమాలు వెనక నుంచి సన్నగా, స్స్...
సైకిలు చక్రంలో గాలి పడుతున్నంత చప్పుడు.
దాని వెంటే ముప్పై గుక్కలు, ఒక్క గుక్కగా.
తరవాత పాట ఎలా పాడామో నాకు గుర్తులేదు.

తైవో ఏం రాసుకున్నాడో చెప్పలేదు.
మార్చిలో ఉత్తరం వచ్చింది:
గాయకుల సంఖ్య ముప్పై ఒకటి, తిండి టోకెన్లు ముప్పై రెండు.
ఆ రాత్రి కుర్చీలు సర్దుతూ వైకె నాతో అంది,
"ఇరవై ఏళ్ళు నా చేతిని చూస్తున్నారనుకున్నానే..."
వాక్యం పూర్తి చెయ్యలేదు. శ్రుతిదండం జేబులో వేసుకుంది.

బస్సు సంగతి ఇంకా అలాగే ఉంది.
నల్లబల్ల దగ్గర కాల్యో సుద్దముక్క తీసుకున్నాడు.
పెద్ద పెద్ద అక్షరాలు, కాస్త వంకరగా:
నేను తోలతాను.